చెల్లికి మెదడు వాపు తర్వాత ఆగని ఫిట్స్: ఆపరేషన్‌కి ఒప్పుకోవాలా?

నల్లగొండ_అన్న | 2 జూన్ 2024, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. పొడవైతే ఏమనుకోకండి.

మా చెల్లికి 27 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్. 2020 చివర్లో ఉన్నట్టుండి మతిమరుపు మొదలైంది. అన్నం తిని చేయి కడుక్కుని వచ్చి "అమ్మా, ఇంకా అన్నం పెట్టవా" అనేది. జ్వరం లేదు. రాత్రుళ్లు నిద్ర లేదు. ముందు టెన్షన్ వల్ల అన్నారు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాం. మా బంధువులు గాలి సోకిందని తాయత్తు కట్టించారు. మూడో వారంలో బాత్రూంలో పెద్ద ఫిట్స్ వచ్చి పడిపోయింది. హైదరాబాద్ తీసుకెళ్తే ఎంఆర్ఐలో ఎడమ వైపు టెంపోరల్ లోబ్ (కణత వెనకుండే మెదడు భాగం) లోపలి భాగం తెల్లగా కనిపిస్తోందన్నారు. వెన్నునీరు తీశారు. చివరికి గాడ్-65 అనే యాంటీబాడీ చాలా ఎక్కువగా ఉందని రిపోర్టు వచ్చింది. ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు, అంటే ఒంట్లోని రక్షణ వ్యవస్థే మెదడు మీద దాడి చేస్తే వచ్చే వాపు. ఐదు రోజులు స్టెరాయిడ్, ఆ తర్వాత ఐదు రోజులు ఐవీఐజీ (దాతల ప్లాస్మా నుంచి తీసే యాంటీబాడీల మందు) ఎక్కించారు. మతిమరుపు చాలావరకు తగ్గింది. ఫిట్స్ మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు నెలకి ఆరు, ఏడు వస్తున్నాయి. కడుపులోంచి ఏదో పైకి తన్నుకొస్తోందని ముందు తనే చెబుతుంది. తర్వాత చూపు నిలబడిపోతుంది, నోరు చప్పరిస్తుంది. ఎడమ చేత్తో చున్నీ కొస పట్టుకుని నలుపుతూ ఉంటుంది, కుడి చేయి వంకర తిరిగి బిగుసుకుంటుంది. ఒకటిన్నర నిమిషం. తేరుకున్నాక కూడా పది నిమిషాలు మాట తడబడుతుంది, నన్ను చూస్తుంది గానీ పేరు పెట్టి పిలవలేదు.

మందులు: లెవెటిరాసెటామ్‌తో మనిషే మారిపోయింది, ఎవరు పలకరించినా కోపం, అందుకే ఆపేశారు. ఇప్పుడు ఆక్స్‌కార్బజెపైన్, క్లోబజామ్, లాకోసమైడ్. పోయిన వారం డాక్టర్ గారు "ఇవి మందులకు లొంగని ఫిట్స్, ఎపిలెప్సీ సర్జరీ చేసే చోట ఒకసారి చూపించండి" అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ అన్నం సరిగా తినడం లేదు.

ఆటోఇమ్యూన్ వల్ల వచ్చిన ఫిట్స్‌కి ఆపరేషన్ పనిచేస్తుందా? చేయించుకున్న వాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారి_గట్టు | 3 జూన్, ఉదయం 6:15

తమ్ముడూ, మా అబ్బాయి కథ చెబుతాను. 2016లో వాడికి ఆరేళ్లు. ఎడమ బొటనవేలు అదరడం మొదలైంది. క్లాసులో బల్ల మీద తాళం వేస్తున్నాడని టీచర్ రెండుసార్లు దెబ్బలు వేసింది. నెల తిరిగేసరికి చేయంతా పగలూ రాత్రీ అదురుతూనే ఉండేది, నిద్రలో కూడా. ఏడాదిలో ఎంఆర్ఐలు పక్కపక్కన పెట్టి చూపించారు. మెదడు కుడి సగం ఎండిన కొబ్బరి చిప్పలా లోపలికి ముడుచుకుపోతోంది. రాస్ముసెన్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. స్టెరాయిడ్లు, ఐవీఐజీ అన్నీ అయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలయ్యేది.

తిరువనంతపురంలో హెమిస్ఫియరాటమీ చేశారు. సగం మెదడు తీసేస్తారనుకుని మా ఆవిడ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడింది. తీయరు, ఆ సగానికి మిగతా మెదడుతో ఉన్న లంకెలన్నీ తెంపేస్తారు, అది లోపలే ఉంటుంది. ఆపరేషన్ అయిన రోజు నుంచి ఈ రోజు దాకా ఒక్క ఫిట్స్ లేదు. వాడు నడుస్తాడు, సైకిల్ తొక్కుతాడు. ఎడమ చేత్తో బొత్తాం మాత్రం పెట్టుకోలేడు, ఎడమ పక్క చూపు లేదు. ఇప్పుడు తొమ్మిదో తరగతి.

నా మాట వినండి, ఆలస్యం చేయకండి. మేం చేసిన తప్పల్లా రెండేళ్లు మందులు మార్చుకుంటూ కూర్చోవడమే.

కొత్తిమీర_కట్ట | 3 జూన్, ఉదయం 9:02

బ్రదర్, కోతల జోలికి పోకండి. మా మేనత్త వాళ్ల ఊళ్లో ఆదివారం ఆదివారం పసరు పోస్తారు, మూడు వారాలు పోయించుకుంటే చాలు. ఇంగ్లీషు మందులు మాత్రం ఆపెయ్యాలి, లేకపోతే పనిచేయదు.

మోడరేటర్ | 3 జూన్, ఉదయం 9:30

ఫిట్స్ మందులు ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా వరసగా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. పై పోస్టు తీసేద్దామనుకున్నాను గానీ, ఇదే సలహా ఇంకా ఎంతోమంది ఇళ్లలో వినిపిస్తూ ఉంటుంది కాబట్టి జవాబుతో సహా ఉంచుతున్నాను. ఎవరూ మందు ఆపకండి.

రెండో_ఇన్నింగ్స్ | 3 జూన్, మధ్యాహ్నం 1:20

నేను చేయించుకున్నాను. గోదారి గట్టు గారి అబ్బాయిలా సినిమా ముగింపు కాదు నాది, అందుకే రాస్తున్నాను.

2018లో నాకూ మెదడు వాపే. యాంటీబాడీల లిస్టు మొత్తం టెస్ట్ చేశారు, ఏదీ దొరకలేదు. రిపోర్టులో సీరోనెగటివ్ అని రాశారు. స్టెరాయిడ్‌తో మనిషినయ్యాను, ఫిట్స్ మిగిలాయి, నెలకి పదీ పన్నెండు. కుడి హిప్పోకాంపస్ (టెంపోరల్ లోబ్ లోపల జ్ఞాపకాన్ని చూసుకునే భాగం) కుంచించుకుపోయింది, వీడియో ఈఈజీలో (కెమెరా పెట్టి, తలకి ఎలక్ట్రోడ్లు అంటించి ఫిట్స్‌ని రికార్డు చేసే పరీక్ష) అన్నీ కుడి వైపు నుంచే. 2021లో కుడి టెంపోరల్ లోబ్ ముందు భాగం, దాంతోపాటు హిప్పోకాంపస్ తీశారు. 14 నెలలు ఒక్కటి కూడా రాలేదు. స్వీట్లు పంచాం, పెళ్లి సంబంధాలు కూడా చూడడం మొదలుపెట్టారు. ఒక రాత్రి నిద్రలో వచ్చింది. ఇప్పుడు రెండు నెలలకొకటి, ఎక్కువగా నిద్రలోనే. మందులు మూడు నుంచి రెండుకి తగ్గాయి.

ఎవరూ ముందు గట్టిగా చెప్పనివి రెండున్నాయి. ఎడమ చేతి వైపు పై మూల చూపు పోయింది. మామూలుగా తెలియదు. అటక మీద ఎడమ పక్కన పెట్టిన డబ్బా తల తిప్పితే గానీ కనబడదు, వంటింట్లో తెరిచి ఉన్న అల్మారా తలుపు రెండుసార్లు కణతకి కొట్టుకుంది. రెండోది, మొదటి మూడు నెలలు ఊరికే ఏడుపొచ్చేది. ఆపరేషన్ బాగా అయిందని అందరూ సంబరపడుతుంటే నేను గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ని. దానికి కూడా మందుందని ఆరు వారాల తర్వాత తెలిసింది.

మళ్లీ చేయించుకుంటావా అని అడిగితే చేయించుకుంటాను. నెలకి పన్నెండుకీ సగానికీ తేడా లేదా మరి.

సిరిసిల్ల_మగ్గం | 3 జూన్, సాయంత్రం 4:48

మా పిన్ని కూతురికి ఎన్ఎండీఏ అనే యాంటీబాడీతో మెదడు వాపు వచ్చింది. అండాశయంలో చిన్న గడ్డ ఉంటే తీసేశారు, ఇమ్యూన్ మందులు ఇచ్చారు. ఫిట్స్ మందు కూడా ఏడాదిన్నరకి ఆపేశారు. ఆపరేషన్ మాట మెదడుకి ఎవరూ అనలేదు. మీరు ఇంకో చోట కూడా చూపించండి అన్నా.

న్యూరో_పీజీ | 3 జూన్, రాత్రి 10:55

న్యూరాలజీలో డీఎం (స్పెషలిస్టు కోర్సు) చేస్తున్నాను. రిపోర్టులు చూడకుండా ఆ అమ్మాయికి ఇది చేయించండి, అది వద్దు అని చెప్పను. కానీ ఈ థ్రెడ్‌లో వేర్వేరు జబ్బులన్నీ ఒకే గాటన కట్టేస్తున్నారు, అది సరిచేయాలి.

ఎన్ఎండీఏ, ఎల్‌జీఐ1 లాంటివి కణం పైపొర మీదున్న ప్రోటీన్లను పట్టుకునే యాంటీబాడీలు. వాటిని తగ్గిస్తే కణం చాలావరకు కోలుకుంటుంది, ఫిట్స్ కూడా పోతాయి. ఎల్‌జీఐ1లో మొహం, అదే వైపు చేయి రెండు మూడు సెకన్లు కొంకర్లు పోతాయి, రోజుకి పదుల సార్లు. ఫిట్స్ మందులకు అంతగా లొంగవు గానీ స్టెరాయిడ్‌కి భలే లొంగుతాయి. ఇలాంటి వాళ్లను తొందరపడి సర్జరీకి పంపడం తప్పు. సిరిసిల్ల మగ్గం గారి చెల్లెలి కథ ఈ కోవలోది.

రాస్ముసెన్ వేరే దారి. 1958లో మాంట్రియల్‌లో థియోడర్ రాస్ముసెన్ దాని గురించి మొదట రాశారు. అది టీ కణాల (రక్తంలోని ఒక రకం రక్షణ కణాలు) దాడి, దాదాపు ఎప్పుడూ ఒక సగానికే పరిమితం. ఆ సగాన్ని విడదీస్తే ఫిట్స్ ఆగుతాయి. అందుకే అక్కడ సర్జరీయే అసలు వైద్యం. గోదారి గట్టు గారూ, మీ అబ్బాయి బాగున్నందుకు సంతోషం, కానీ ఆ లెక్క ఈ అమ్మాయికి వర్తించదు.

గాడ్ ఈ రెండింటికీ చెందదు. అది కణం లోపలుండే ఎంజైమ్, గాబాని తయారుచేసేది అదే. గాబా అంటే మెదడుకి బ్రేకు లాంటిది. యాంటీబాడీ లోపలికి దూరి ఆ ఎంజైమ్‌ని పాడుచేస్తోందని తేలలేదు, టీ కణాల పాత్రే ఎక్కువని అనుకుంటున్నాం. కాబట్టి యాంటీబాడీని కడిగేసినా ఫిట్స్ మొండికేస్తాయి. అందుకే 2020లో అంతర్జాతీయ మూర్ఛ సంఘం వాళ్లు రెండు పేర్లు విడగొట్టారు. వాపు రగులుతున్నప్పుడు వచ్చేవి ఒక రకం, వాటిని అసలు ఎపిలెప్సీ అనక్కర్లేదు. వాపు తర్వాత కూడా పాతుకుపోయినవి రెండో రకం. గాడ్, రాస్ముసెన్ ఈ రెండో దానికి ముఖ్య ఉదాహరణలు.

ఇంకో చిన్న విషయం. గాడ్ టైప్ 1 షుగర్ ఉన్నవాళ్లలోనూ కొద్దిగా పాజిటివ్ వస్తుంది. ఐవీఐజీ దాతల ప్లాస్మా నుంచి తీసేది కదా, అది ఎక్కించాక తీసిన రక్తంలో దాతల యాంటీబాడీలు కూడా కనిపించొచ్చు. మీ రిపోర్టు తేదీ ఐవీఐజీకి ముందుదా తర్వాతదా, వెన్నునీటిలో కూడా వచ్చిందా, చూసుకోండి.

ఇక సర్జరీ. మామూలు టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీలో దాని విలువ మీద గొడవ లేదు. 2001లో కెనడాలో 80 మంది మీద చేసిన ట్రయల్లో ఏడాది తర్వాత స్పృహ తప్పే ఫిట్స్ లేనివాళ్లు సర్జరీ వైపు 58 శాతం, మందుల వైపు 8 శాతం. 2017లో ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు 116 మంది పిల్లల మీద, టెంపోరల్ ఒక్కటే కాకుండా రకరకాల ఎపిలెప్సీ సర్జరీలతో చేస్తే ఏడాదికి ఫిట్స్ లేనివాళ్లు 77 శాతం, 7 శాతం. కానీ ఈ అంకెలు తెచ్చి ఆటోఇమ్యూన్ వాళ్లకు అతికించకూడదు. వాళ్ల మీద ఉన్నవన్నీ కొద్దిమంది రోగుల వివరాలతో రాసిన చిన్న చిన్న సిరీస్‌లే. మందులకు లొంగని వాళ్లలో కొందరికి పూర్తిగా ఆగాయి, చాలామందికి తగ్గాయి. గాడ్ వాళ్లలో పూర్తిగా ఆగినవాళ్లు తక్కువ. కారణం ఊహించొచ్చు. జబ్బు ఒక్క హిప్పోకాంపస్‌లో గూడు కట్టుకుని ఉండదు, ఎంఆర్ఐ ఎడమ వైపే చూపించినా కుడి వైపు కూడా కొంత తిని ఉండొచ్చు.

గోదారి_గట్టు | 4 జూన్, ఉదయం 5:50

డాక్టర్ గారూ, మాకు ఇవన్నీ తెలియవు, ఒప్పుకుంటాను. కానీ ఈ "పోల్చకండి, ఆగండి" అనే మాటతోనే మాకు రెండేళ్లు పోయాయి. పేరు చెప్పను గానీ ఒక పెద్దాసుపత్రిలో ఐదో మందు, ఆరో మందు అని రాస్తూనే పోయారు. సర్జరీ అనే మాట మా నోటితో మేం అడిగితే గానీ రాలేదు.

న్యూరో_పీజీ | 4 జూన్, ఉదయం 7:30

ఆ మాట మీద మీతో వంద శాతం ఏకీభవిస్తాను. సరైన మందులు రెండు, సరైన డోసులో వాడినా ఆగకపోతే అది మందులకు లొంగనిదే అని 2010 నుంచీ నిర్వచనం ఉంది. గ్లాస్గోలో క్వాన్, బ్రాడీ 2000లో చూపించారు. కొత్తగా మందు మొదలుపెట్టిన 470 మందిలో మొదటి మందుతో 47 శాతానికి ఆగాయి, రెండో దానితో ఇంకో 13 శాతానికి, మూడోదానితోనో రెండు కలిపితేనో 4 శాతానికి. ఐదో మందు దగ్గర అద్భుతం జరుగుతుందని కూర్చోవడం నేనూ ఒప్పుకోను.

నేను ఆగమంటోంది కత్తి దగ్గర. పరీక్షల దగ్గర కాదు. సర్జరీ సెంటర్‌కి వెళ్లడం అంటే ఆపరేషన్‌కి సంతకం పెట్టడం కాదు, అమ్మగారికి ఈ ఒక్క ముక్క చెప్పండి. వెళ్లినవాళ్లలో చాలామంది "మీకు సర్జరీ కుదరదు" అనిపించుకుని తిరిగొస్తారు, అదీ ఉపయోగపడే సమాధానమే. అక్కడ తేలాల్సినవి: వాపు ఇంకా రగులుతోందా, చల్లారిందా. రగులుతుంటే రిటుక్సిమాబ్ లాంటి ఇమ్యూన్ మందు ముందు చూడాలి. ఫిట్స్ అన్నీ ఒక్క చోట నుంచేనా, రెండు పక్కల నుంచా. తీయబోయే ముక్క ఇప్పుడు ఎంత పని చేస్తోంది.

డల్లాస్_అత్త | 4 జూన్, ఉదయం 8:10

నేను ఇక్కడ టెక్సాస్‌లో ఈఈజీ టెక్నాలజిస్ట్‌ని, పుట్టిల్లు తెనాలి. అబ్బాయీ, నువ్వు మొదటి పోస్టులో రాసింది చదివి నీకు దండం పెట్టాలనిపించింది. ఎడమ చేత్తో చున్నీ నలపడం, కుడి చేయి వంకర పోవడం, తర్వాత మాట రాకపోవడం. చాలామంది ఇంట్లోవాళ్లు "కొట్టుకుందండీ" అని ఒక్క మాటతో సరిపెడతారు. నువ్వు రాసింది ఎడమ టెంపోరల్ వైపు వేలు చూపిస్తోంది. ఇదే డాక్టర్‌కి కాగితం మీద రాసివ్వు. ఫోన్లో వీడియో ఉంటే ఇంకా మేలు.

వీడియో ఈఈజీకి చేరేటప్పుడు కొన్ని సంగతులు. తలకి నూనె పెట్టకండి, ముందురోజు షాంపూతో రుద్ది స్నానం చేయించండి, నూనె ఉంటే ఎలక్ట్రోడ్ నిలవదు. అక్కడ మందులు తగ్గిస్తారు, రాత్రి నిద్రపోనివ్వరు. కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. కోప్పడకండి, రాకపోతే ఆ వారమంతా దండగ. ఫిట్స్ వచ్చిన క్షణం ప్రతి తల్లీ చేసే పని, పరిగెత్తుకొచ్చి బిడ్డని వాటేసుకోవడం. అప్పుడు కెమెరాకి తల్లి వీపు తప్ప ఏమీ కనిపించదు! ఇన్నేళ్లలో ఎన్ని వీపులు చూశానో. బటన్ నొక్కు, దుప్పటి లాగెయ్, పక్కకి జరుగు. పేరు అడుగు, ఒక మాట చెప్పి గుర్తుపెట్టుకోమను. తాళాలు, ఇనుము చేతిలో పెట్టొద్దు, ఏ చేయి బిగుస్తోందో మాకు కనబడాలి.

నల్లగొండ_అన్న | 4 జూన్, రాత్రి 9:25

అందరికీ పేరుపేరునా థాంక్స్. డాక్టర్ గారూ, రిపోర్టు ఐవీఐజీకి ముందుదే, వెన్నునీటిలో కూడా పాజిటివ్. ఎక్కడికి వెళ్లాలి, ఖర్చు సంగతి ఎవరైనా చెప్పండి. ఐవీఐజీకే అప్పు అయింది. 50 కిలోల మనిషికి 100 గ్రాములట, ఐదు గ్రాముల సీసాలు 20. ఖాళీ సీసాలు ఇంకా బీరువా మీదే ఉన్నాయి, అమ్మ పారేయనివ్వదు.

రెండో_ఇన్నింగ్స్ | 5 జూన్, ఉదయం 10:40

హైదరాబాద్‌లోనే నిమ్స్ ఉంది. బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీ చిత్ర. శ్రీ చిత్రలో 1995 నుంచి ఎపిలెప్సీ సర్జరీ చేస్తున్నారు. ప్రభుత్వ సంస్థల్లో వెయిటింగ్ ఉంటుంది, కాబట్టి ఒప్పుకోవాలా వద్దా అని ఇంట్లో తేలేదాకా ఆగకుండా ముందు పేరు రాయించండి. ఆరోగ్యశ్రీ తెలంగాణలో ఇప్పుడు 10 లక్షలకు పెంచారు గానీ మీకు చెప్పిన పరీక్ష, మీకు చెప్పిన సర్జరీ అందులో ఉందో లేదో ఆ ఆసుపత్రి ఆరోగ్యమిత్ర దగ్గరే తేల్చుకోండి, బయట ఎవరి మాటా నమ్మొద్దు. లేకపోతే సీఎం రిలీఫ్ ఫండ్ నుంచి ఎల్ఓసీ (ఖర్చు ఇస్తామని ఆసుపత్రికి ముందే రాసిచ్చే లేఖ). అది ఆపరేషన్‌కి ముందే తెచ్చుకోవాలి. ఎంఆర్ఐ ఫిల్ములు కాదు, సీడీలు తీసుకెళ్లండి. పాతవన్నీ.

నాలుగో_బి_టీచర్ | 7 జూన్, రాత్రి 12:15

నేనే ఆ చెల్లిని.

అన్నయ్య ఫోన్లో ఇది తెరిచి ఉంటే మొత్తం చదివాను. మీరందరూ నా మంచి కోరే రాశారు. కానీ ఇంతమందిలో ఒక్కరు కూడా "ఆ అమ్మాయి ఏమంటోంది" అని అడగలేదు. అన్నయ్యా, నువ్వు కూడా.

నాకు నాలుగో తరగతి బి సెక్షన్. 38 మంది పిల్లలు. అటెండెన్స్ రిజిస్టర్ మూసే ఉంచి వరసగా పేర్లు పిలుస్తాను, అది నాకు పందెం లాంటిది. ఫిట్స్ వచ్చిన రోజు పదకొండో పిల్ల దగ్గర ఆగిపోతాను. మొహం కనిపిస్తుంది, జడకి కట్టిన రిబ్బను రంగు కూడా కనిపిస్తుంది, పేరు రాదు. ఆ పిల్ల కూడా నా మొహంలోకే చూస్తూ నిలబడుతుంది. మరుసటి రోజుకి వచ్చేస్తుంది.

ఫిట్స్ అంటే నాకు అంత భయం లేదు. అలవాటైపోయింది. ఎడమ వైపు తీసేస్తే ఆ మరుసటి రోజు అనేది ఉంటుందా? నెలకి ఆరు ఫిట్స్, 38 పేర్లు. సున్నా ఫిట్స్, ఇరవై పేర్లు. నాకైతే మొదటిదే కావాలి. ఇది మొండితనం అని అమ్మ అంటుంది.

న్యూరో_పీజీ | 7 జూన్, ఉదయం 6:40

క్షమించండి. అడగాల్సింది మేమే.

మీది మొండితనం కాదు, పరీక్షల్లో వాళ్లు తేల్చాల్సిన ముఖ్యమైన ప్రశ్నే మీరు అడిగారు. కుడిచేతి వాటం ఉన్నవాళ్లలో ఎక్కువమందికి మాట ఎడమ వైపు ఉంటుంది, మాటలకు సంబంధించిన జ్ఞాపకం ఎడమ హిప్పోకాంపస్ మీద ఆధారపడుతుంది. అది ఇప్పటికే పాడైపోయి, జ్ఞాపకం అప్పటికే తక్కువగా ఉంటే, తీసినా పెద్దగా పోయేదేమీ ఉండదు. అదే జ్ఞాపకం బాగున్నవాళ్లకి తీస్తే నష్టం ఎక్కువ. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, మీరు 38 పేర్లు చూడకుండా పిలవగలుగుతున్నారంటే ఆ ముక్క ఇంకా పని చేస్తోందేమో అని సర్జన్ వెనకాడాలి. న్యూరోసైకాలజీ పరీక్ష గంటల తరబడి చేసేది ఇది కొలవడానికే. మాటల జాబితా చదివి వినిపించి, అరగంట తర్వాత మళ్లీ అడుగుతారు. ఆ రోజు "నేను టీచర్ని, నాకు పేర్లు ముఖ్యం" అని వాళ్లతో చెప్పండి.

రెండు వైపులా పాడై ఉన్నాయని తేలితే ఒక వైపు తీయడానికి ఇంకా భయపడతారు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే అతనికి స్కోవిల్ అనే సర్జన్ రెండు వైపులా తీసేశారు. ఫిట్స్ బాగా తగ్గాయి. కానీ 2008లో చనిపోయేదాకా అతనికి కొత్తగా పరిచయమైన మనిషి ఎవరూ గుర్తుండలేదు. అప్పట్నుంచి ఈ రంగంలో అందరూ ఆ పేరుకి భయపడతారు.

ఒక్కటి మాత్రం మీ లెక్కలో కలపండి. ఆగని ఫిట్స్ కూడా జ్ఞాపకాన్ని మెల్లగా తింటాయి. పైగా పెద్ద ఫిట్స్ వచ్చేవాళ్లలో నిద్రలో ఉన్నట్టుండి ప్రాణం పోయే ప్రమాదం అరుదుగానైనా ఉంది. ఇప్పుడున్న 38 అలాగే ఉంటాయన్న హామీ ఆపరేషన్ లేకపోయినా లేదు.

రెండో_ఇన్నింగ్స్ | 7 జూన్, ఉదయం 8:05

టీచర్ గారూ, నాది కుడి వైపు, పేర్లు పోలేదు. దారులు పోయాయి. మా పెదనాన్న వాళ్ల సందు ఏ మలుపో ఇప్పటికీ రెండుసార్లు ఆలోచిస్తాను.

నల్లగొండ_అన్న | 7 జూన్, ఉదయం 8:30

సారీ రా.

నాలుగో_బి_టీచర్ | 21 సెప్టెంబర్ 2024, సాయంత్రం 6:10

థ్రెడ్ పైకి తెస్తున్నాను.

ఆగస్టులో వీడియో ఈఈజీకి చేరాను. ఆరు రోజులు. డల్లాస్ అత్తగారు చెప్పినట్టే అమ్మ మొదటిసారి నన్ను వాటేసుకుని కెమెరాకి అడ్డం నిలబడింది, నర్సు అరిచింది. రెండో దానికి బాగా చేసిందట, దుప్పటి లాగి, బటన్ నొక్కి, గోడకి అతుక్కుని నిలబడి ఏడ్చిందట. మొత్తం ఐదు వచ్చాయి. నాలుగు ఎడమ నుంచి, ఒకటి కుడి నుంచి మొదలైనట్టుందన్నారు. ఆ ఒక్కటే కథ మార్చేసింది. ఎంఆర్ఐలో ఎడమ హిప్పోకాంపస్ చిన్నదైంది, కొత్త వాపు లేదు. పెట్ స్కాన్‌లో ఎడమ వైపు చురుకు బాగా తగ్గింది, కుడి వైపు కూడా కాస్త తగ్గింది. మాటల జ్ఞాపకం పరీక్షలో నా వయసు వాళ్ల సగటు వచ్చింది. సైకాలజిస్ట్ మేడమ్ నవ్వుతూ "ఇది మంచి వార్తా, చెడ్డ వార్తా రెండూ" అంది. నాకు వెంటనే అర్థమైంది, ఇక్కడ చదివాను కదా.

డాక్టర్లందరి మీటింగ్‌లో తేల్చింది: ఇప్పుడున్న సమాచారంతో ఎడమ టెంపోరల్ తీయడానికి వాళ్లు ఒప్పుకోరు. కావాలంటే ముందు ఎస్ఈఈజీ. పుర్రెకి సన్నటి రంధ్రాలు పెట్టి రెండు వైపులా లోపలికి తీగల్లాంటి ఎలక్ట్రోడ్లు దింపి, వారం పది రోజులు చూస్తారట. ఆ కుడి వైపు ఫిట్స్ నిజంగా కుడిదేనా, ఎడమ నుంచి దూకిందా అన్నది దానితో తేలుతుంది. అక్కడ కూడా రెండు వైపులా అని తేలితే తీయడం అనే మాటే ఉండదు, మెడ దగ్గర వేగస్ నరానికి పెట్టే వీఎన్ఎస్ మిషన్ గురించి మాట్లాడదామన్నారు. దానితో పూర్తిగా ఆగడం అరుదు, తగ్గుతాయట. ఈలోపు ఒక మందు మార్చారు.

ఎస్ఈఈజీకి సరే అన్నాను. ఏప్రిల్‌లో స్కూలు పరీక్షలయ్యాక. అమ్మ "తలకి రంధ్రాలా" అని మొదలుపెట్టింది. నేను డాక్టర్ గారు గీసిచ్చిన బొమ్మ చూపించి, ఎలక్ట్రోడ్ మందం మన ఊలు సూది కంటే తక్కువమ్మా అన్నాను. కాసేపు బొమ్మ వంక చూసి, "అయితే జుట్టు మొత్తం తీస్తారా" అంది. అంటే ఒప్పుకున్నట్టే.

గోదారి_గట్టు | 21 సెప్టెంబర్, రాత్రి 8:00

మంచిదమ్మా. నేను ఆ రోజు తొందరపెట్టాను గానీ, నీకు సరిపోయే పద్ధతిలోనే వెళ్తున్నావు. ఏప్రిల్ దాకా స్నానాల గది గడియ మాత్రం వేసుకోకు.

నాలుగో_బి_టీచర్ | 21 సెప్టెంబర్, రాత్రి 8:12

గడియ అన్నయ్య ఎప్పుడో పీకేశాడు బాబాయ్.

అత్తగారూ, ఒక్క డౌటు. నెల దాటినా ఆ ఎలక్ట్రోడ్ల జిగురు చెవుల వెనక తెల్లటి పొరలా ఊడొస్తోంది. దువ్వెనలో ముక్కలు. పిల్లలు చుండ్రు అనుకుంటున్నారు.

డల్లాస్_అత్త | 21 సెప్టెంబర్, రాత్రి 9:50

నెల దాటిందంటే వాళ్లు తీసేటప్పుడు సరిగా తుడవలేదు. గోకకు, పుండు పడుతుంది. గోరువెచ్చటి కొబ్బరినూనె దూదితో అక్కడే అద్ది గంట ఉంచు. తర్వాత సన్న పళ్ల దువ్వెనతో మొదటి నుంచి కాదు, కొసల నుంచి పైకి మెల్లగా దువ్వు. ఆ తర్వాత షాంపూ, కుంకుడుకాయ వద్దు. ఏప్రిల్‌కి వెళ్లేటప్పుడు చివరి రోజు టెక్నీషియన్‌ని నిలబెట్టి, రిమూవర్‌తో తుడిపించుకునే బయటికి రా.

నాలుగో_బి_టీచర్ | 23 సెప్టెంబర్, ఉదయం 7:05

పోయింది. కుడి చెవి వెనక ఒక్క ముక్క మిగిలింది, ఈ రాత్రి మళ్లీ నూనె పెడతాను. స్కూలు వ్యాన్ వచ్చింది, ఉంటాను.